ఈ చోట ఉండినాడు

పోయిన నెల మా అపార్ట్‌మెంటులో ఎదురింటివాళ్లు వంటగది గట్టు మార్పించుకున్నారు. ఇద్దరు కుర్రాళ్లు మెట్ల దగ్గర కడప బండ ఆనించుకుని, ఒకడు మెషిన్‌తో కోస్తుంటే ఇంకొకడు చెంబుతో నీళ్లు పోస్తున్నాడు. చెత్తబుట్ట బయట పెడదామని తలుపు తీశానో లేదో ఆ వాసన నా ముక్కుకి తగిలింది. తడిసిన రాతిపొడి వాసన. తొలకరికి లేచే మట్టి వాసన వేరు, ఇది వేరు. ఇందులో కొంచెం కాలిన వాసన ఉంటుంది, కొంచెం ఇనుము వాసన ఉంటుంది, గొంతులోకి పోతే నాలుక మీద సున్నంలా తెలుస్తుంది. ముప్పై ఏళ్లకు పైగా హైదరాబాదులో ఉన్నాను, ఆ వాసన ఇంత దగ్గరగా మళ్లీ తగల్లేదు. బుట్ట చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. "దుమ్ము వస్తుంది మేడం, తలుపేసుకోండి" అన్నాడు నీళ్లు పోసే అబ్బాయి. వేసుకోలేదు.

మా నాయన రాళ్ల మీద పేర్లు చెక్కేవాడు. కడపలో బుగ్గవంక పక్కన రేకుల షెడ్డు ఒకటి, దాని వెనక కొంచెం ఖాళీ జాగా, ఒక వేపచెట్టు. దాన్ని మేం రాళ్లదొడ్డి అనేవాళ్లం. ఆ రాత్రే తమ్ముడికి ఫోన్ చేశాను. దొడ్డి అమ్మకానికి మాట అయిపోయిందనీ, పండగ లోపల ఖాళీ చేసివ్వాలనీ వాడు నెల కిందటే చెప్పాడు, నేనే రేపు మాపు అంటున్నాను. "ఈ ఆదివారం వస్తాండా" అని చెప్పాను.

*

మా ఇంట్లో పొద్దు మొదలయ్యేది ఉలి చప్పుడుతో. ఎండ ముదరకముందే పెద్ద పని చేసుకోవాలని నాయన చీకటితోనే దొడ్డికి పోయేవాడు. స్కూలుకు పోయే ముందు నేను సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరిబిండి గిన్నెలో పెట్టుకుని ఇచ్చిరావాలి. దూరం నుంచే చప్పుడు విని నాయన ఏం చేస్తున్నాడో చెప్పగలిగేదాన్ని. అంచులు సరిచేస్తుంటే మొద్దుగా, ఆగి ఆగి వచ్చేది. అక్షరం చెక్కుతుంటే సన్నగా, గబగబా, టిక్కు టిక్కుమని వచ్చి, మధ్యలో ఒక్కసారిగా ఆగిపోయేది. ఆగిందంటే నోటితో పొడి ఊదుతున్నాడన్నమాట.

ఎర్రగుంట్ల వైపు నుంచి లారీలో బండలు వచ్చేవి. దించేముందు ప్రతి బండనూ వేలి కణుపుతో తట్టి చూసేవాడు. ఖంగుమంటే మంచిది. డబ్‌మని చప్పగా పలికితే లోపల ఎక్కడో పొర విడిందని పక్కన పెట్టించేవాడు. మా రాయి పొరలు పొరలుగా ఉంటుంది, అందుకే పలకలుగా లేస్తుంది, అందుకే ఇళ్లకూ అరుగులకూ అంత పనికొస్తుంది, కానీ అక్షరాలు చెక్కేవాడికి ఆ పొరే శత్రువు. ఉలి ఒక్క వెంట్రుకవాసి ఎక్కువ వాలిందా, పెంకు లేచినట్టు లేచిపోతుంది.

జాజు నీళ్లలో ముంచిన దారం రెండు కొసలా పట్టి, మధ్యలో లాగి వదిలితే బండ మీద ఎర్రటి గీత పడేది. ఆ దారం ఒక కొస పట్టుకోవడం నా పని. తర్వాత చాక్‌పీస్‌తో అక్షరాలు రాసేవాడు. నాయన చదివింది ఐదో తరగతి, కానీ ఆ చేతిరాత చూసి మా హెడ్మాస్టరు గారే మెచ్చుకునేవారు. చెక్కడం అయ్యాక కడిగి, ఆరబెట్టి, సన్న కుంచెతో తెల్లరంగు నింపాలి. అది కూడా నాదే. ఎనిమిదేళ్లప్పుడు కుంచె పట్టాను, పెళ్లయ్యే దాకా వదల్లేదు.

కూలి అక్షరానికి ఇంత అని లెక్క. నాకు ఊహ తెలిసినప్పుడు ముప్పావలా ఉండేది. రాళ్లు రకరకాలు. మరియాపురం నుంచి సమాధి రాళ్లు, గుడికి మెట్లు కట్టించినవాళ్ల పేర్లు, బడికి గది ఇచ్చినవాళ్ల పేర్లు, శంకుస్థాపన ఫలకాలు. ఉర్దూ రాళ్లయితే పెద్ద దర్గా దగ్గర ఉండే ఒక పెద్ద సాయిబు వచ్చి రాసిచ్చేవాడు, నాయన ఆ గీత మీదుగా చెక్కేవాడు. వచ్చిన ప్రతివాడితోనూ ఒకటే పేచీ: ఒత్తుకి డబ్బు ఉందా లేదా. "క్రిష్ణ అంటే రెండక్షరాలే కదా మేస్త్రీ" అనేవాళ్లు. నాయన వాదించేవాడు కాదు. ఒత్తులకు కూలి తీసుకోలేదు, ఎప్పుడూ. కానీ పని చూస్తే అసలు కష్టమంతా ఆ ఒత్తు దగ్గరే. పైన అక్షరం, కింద అది, రెంటి నడుమ గోరంత రాయి నిలవాలి. ఒత్తు చెక్కేటప్పుడు నాయన ఊపిరి బిగబట్టేవాడు, నేను చూసేదాన్ని.

*

నాయనకు ఆదివారాలు తెలీవు, అమావాస్యే సెలవు. ఒక అమావాస్యకు నన్నూ తమ్ముణ్ణీ ఎర్రగుంట్ల బస్సెక్కించి కలమళ్లకు తీసుకుపోయాడు. ఎందుకో చెప్పలేదు. చెన్నకేశవస్వామి గుడి ఆవరణలో ఒక విరిగిన రాతి స్తంభం ఉంది, దాని మీద అక్షరాలు. ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించిన శాసనం, రేనాటి చోళులది, క్రీ.శ. 575 ప్రాంతం నాటిదని అందరూ చెప్పేదే. దొరికినవాటిలో మొట్టమొదటి తెలుగు శాసనం అదేనని ఇప్పుడు బడి పిల్లలకు కూడా తెలుసు. అప్పుడు మాకు తెలీదు. ఏదో గుడి చూపిస్తాడు, బొరుగులు కొనిస్తాడు అనుకుని వచ్చాం.

నాయన స్తంభం ముందు గొంతుకూర్చుని చాలాసేపు చూశాడు. ఆ అక్షరాల్లో ఒక్కటి కూడా ఆయనకు రాదు. మేం బడిలో నేర్చుకున్న అక్షరాల్లా లేవవి. ఆయన చూసింది ఉలి జాడ. చూపుడువేలు అక్షరానికి తగలకుండా పైనే తిప్పుతూ, "ఇదో ఇట్నుంచి దిగినాడు. ఈడ ఆగి, రాయి తిప్పుకోలేడు కదా, వాడే ఈ పక్కకొచ్చి కూర్చున్నాడు. చూడు, వాలు మారింది" అని మాకు చెబుతున్నాడు. పద్నాలుగు వందల ఏళ్ల కిందట ఎవరో పేరు తెలియని మేస్త్రి ఎటు కూర్చున్నాడో మా నాయన చూసి చెబుతుంటే, ఆ మనిషి ఇప్పుడే నీళ్లు తాగడానికి పక్కకు పోయినట్టుగా అనిపించింది నాకు. శాసనం వేయించిన రాజు పేరు పుస్తకాల్లోకి వచ్చింది. చెక్కినవాడిని మా నాయన తప్ప అడిగినవాళ్లు ఎవరున్నారో నాకు తెలీదు.

తిరుగు బస్సులో తమ్ముడు నిద్రపోయాడు. నాయన నాతో అన్నాడు: "పాపా, తెలుగును మొదట రాతి మీద పెట్టింది మన జిల్లాలోనే అంట."

*

ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ దొర బంగళా మొండిగోడలు ఉన్నాయని మాకు చెప్పింది మా తెలుగు అయ్యవారు. ఆయన తన తల్లి సమాధికి రాయి చేయించుకోవడానికి వచ్చి, అక్కణ్ణుంచి ప్రతి శనివారం సాయంత్రం దొడ్డికి వచ్చి కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు. వేపచెట్టు కింద బండ మీద కండువా పరుచుకుని, నాయన పని చేస్తుంటే కబుర్లు చెప్పేవాడు. నేను సగం చదువు అక్కడే చదువుకున్నాను.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టాడని, 1820లో కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చాడని, ఊరు దాటి ఊరు మారి మళ్లీ కడపకు వచ్చినప్పుడు ఇక్కడే బంగళా కొనుక్కుని పండితుల్ని పెట్టుకుని తాటాకు పుస్తకాలు రాయించాడని అయ్యవారే చెప్పాడు. ఒకే పుస్తకానికి పది ఊళ్ల నుంచి పది తాటాకు ప్రతులు తెప్పించడం, పక్కపక్కన పెట్టుకుని ఎక్కడెక్కడ తేడా ఉందో గుర్తు పెట్టించడం, చివరికి ఒక శుద్ధప్రతి రాయించడం. జీతాలు తన సంపాదనలోంచే ఇచ్చాడు, చాలకపోతే అప్పులు చేశాడు. వేమన పద్యాలు వెతికి 1829లో అచ్చు వేయించింది ఆయనే. తెలుగు ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. ఇదంతా అయ్యవారు చెబుతుంటే నాయన ఉలి ఆగిపోయేది. నాయనకు వేమన పద్యాలు చాలా వచ్చు, ఎక్కడ నేర్చుకున్నాడో, వాళ్ల నాయన దగ్గరేమో. ఆ పద్యాలు ఒక దొర పోగు చేసి అచ్చు వేయించాడంటే ఆయనకు నమ్మబుద్ధి కాలేదు.

మరుసటి అమావాస్యకు సైకిల్ మీద నన్ను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని ఎర్రముక్కపల్లెకు పోయాడు. చూడ్డానికి ఏమీ లేదు. పిచ్చిమొక్కలు, కూలిన గోడలు, మేకలు. గోడలో ఇటుక ఊడిన చోట సున్నం ముద్దలు కనిపిస్తున్నాయి. గోడ మీద ఎవరో బొగ్గుతో ఏవో పేర్లు రాశారు. నాయన సైకిల్ స్టాండు వేసి గోడల చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. ఒక గోడకు చెయ్యి ఆనించి, "ఇంత మంది పేర్లు రాసినారు. ఆయప్ప పేరు ఒక్కటే లేదు" అన్నాడు.

మా నాయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆ మాట తర్వాత ఇంటికొచ్చేదాకా నోరు తెరవలేదు. ఇంటికొచ్చి అమ్మతో చెప్పాడు, దొరకు ఒక రాయి చేస్తాను, కూలి లేకుండా, అని. అమ్మ ఏమీ అనలేదు. ఇంట్లో బియ్యం నిండుకున్న రోజులవి, ఏమన్నా అని ఉంటే బాగుండేదేమో అని అమ్మ చాలా ఏళ్ల తర్వాత నాతో చెప్పింది, కానీ ఆ రోజు అనలేకపోయిందట, ఆయన ముఖం చూసి.

*

రాయి ఎక్కడిదంటే, దానికో కథ ఉంది. అంతకు ముందు ఏడు ఒక ఆఫీసువాళ్లు ప్రారంభోత్సవం రాయి పురమాయించారు. వాళ్లు రాసిచ్చిన కాగితంలో 'ప్రారంభోత్సవము' అన్న మాటలో తకు ఉన్న స ఒత్తు లేదు. నాయన పోయి అడిగాడు. "మేం రాసిచ్చింది రాసిచ్చినట్టు చెక్కు" అని గట్టిగా చెప్పి పంపించారు. చెక్కాడు. రాయి దించేరోజున పెద్దవాళ్లు ఎవరో తప్పు చూశారు, పేరు పోయినట్టయింది, ఆ తప్పు మా నాయన మీద పెట్టారు. కాగితం చూపించినా వినలేదు. కూలీ లేదు, రాయి ఖరీదూ లేదు, పైగా నలుగురిలో మాటలు. రాయిని బండి మీద వెనక్కి తోలుకొచ్చి వేపచెట్టుకు ఆనించి, ఆ రోజు సాయంత్రం నాయన అన్నం తినలేదు. నాకు అప్పుడు తొమ్మిదేళ్లు. ఆ కాగితం మడత నాకు ఇప్పటికీ గుర్తుంది, జేబులో చెమటకు తడిసి, తీసి చూపించీ చూపించీ నాలుగు ముక్కలైపోయింది.

ఆ రాయి వెనకవైపే దొరకు పనికొస్తుందన్నాడు నాయన. రెండడుగుల పొడవు, ఒకటిన్నర వెడల్పు, రెండంగుళాల మందం. మంచి రాయి, నున్నగా చేసింది ముందువైపే గానీ వెనకవైపు కూడా రుద్దితే వస్తుంది. రాత్రిళ్లు లాంతరు పెట్టుకుని రుద్దేవాడు. నేను నీళ్లు పోసేదాన్ని. ఆ వాసనే, మొన్న మెట్ల దగ్గర వచ్చింది.

ఏం రాయాలన్న దగ్గర అయ్యవారికీ నాయనకూ పడలేదు. అయ్యవారు కాగితం మీద అందంగా రాసుకొచ్చాడు, "ఆంధ్రభాషోద్ధారకులు శ్రీ చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ మహాశయులు ఈ స్థలమున నివసించియుండిరి" అని. నాయన చదివి, కాగితం మడిచి పక్కన పెట్టాడు. "బాగుంది అయ్యవారూ. అయితే మా ఇంట్లోవాళ్లకు అర్థం కాదు" అన్నాడు. అయ్యవారు నొచ్చుకున్నాడు. మరి నువ్వేం రాస్తావో చెప్పమన్నాడు. నాయన చాక్‌పీస్ తీసుకుని నేల మీద బండపైన రాశాడు:

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ దొర
ఈ చోట ఉండినాడు
మన పుస్తకాలు బతికించినాడు

"ఉండినాడు ఏంది మేస్త్రీ, రాతి మీద!" అన్నాడు అయ్యవారు. మా వైపు అందరం అట్లాగే అంటాం, ఉండినాడు, పోయినాడు, చేసినాడు. అయ్యవారు కూడా ఇంట్లో అట్లాగే అంటాడు. కానీ రాయి అంటే ఆయనకు పుస్తకం కంటే ఎక్కువ. ఆ శనివారం కోపంగానే లేచి వెళ్లిపోయాడు. తర్వాతి శనివారం వచ్చేటప్పుడు చంకలో బ్రౌన్ నిఘంటువు పెట్టుకొచ్చాడు. కండువా పరచకుండానే కూర్చుని, పేజీలు తిప్పుతూ, ఇదిగో బజారు మాట, ఇదిగో కూలివాళ్ల మాట, ఇదిగో కచేరీ మాట అంటూ ఒక్కొక్కటే చదివి వినిపించాడు. పండితులు రాసే మాటలతో పాటు జనం నోట్లో ఉన్న మాటలన్నిటినీ దొర చేర్చుకున్నాడు. తెలుగులోకి వచ్చి కలిసిన పరభాషా మాటలకైతే మిశ్రభాషా నిఘంటువని 1854లో వేరే పుస్తకమే వేశాడు. అయ్యవారు పుస్తకం మూసి, "ఉండినాడు అనే చెక్కు మేస్త్రీ, ఆయన ఒప్పుకుంటాడు" అన్నాడు. నాయన నవ్వడం నేను చాలా తక్కువ సార్లు చూశాను. అందులో అదొకటి.

మొదటి రెండు వరుసలు బాగా వచ్చాయి. 'బ్రౌన్' లో క్రావడి ఎంత ముద్దుగా దిగిందో. మూడో వరుసలో 'పుస్తకాలు' దగ్గర, స కింద త ఒత్తు. నేను పక్కనే ఉన్నాను. ఉలి చప్పుడు ఆగింది, నాయన పొడి ఊదాడు, మళ్లీ ఊదాడు. పొర లేచింది. సకూ ఒత్తుకూ నడుమ నిలవాల్సిన గోరంత రాయి చిన్న పెంకులా ఊడి నాయన మోకాలి మీద పడింది. వెనకవైపు రాయి, ముందువైపంత నమ్మకమైంది కాదు. నాయన ఆ పెంకు తీసి అరచేతిలో పెట్టుకుని చూశాడు. నాకు ఏడుపొచ్చింది. "ఏం కాలేదులే పాపా, చదవడానికి వస్తాది" అన్నాడు. చదవడానికి వచ్చేది కూడా. కానీ నాయన మిగిలిన అక్షరాలు పూర్తి చేసి, రాయిని తిప్పి చెట్టుకు ఆనించేశాడు. వేరే మంచి రాయి మీద మళ్లీ చెక్కి పెడతానన్నాడు. రంగు కూడా వేయనివ్వలేదు నన్ను.

*

ఆ మంచి రాయి ఎప్పటికీ కుదరలేదు. బడి ఫీజులు, అమ్మ ఆపరేషన్, అక్షరానికి కూలి పెరిగేలోపల గ్రానైటు మీద మెషిన్‌తో చెక్కేవాళ్లు రావడం. అంతలో జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పూనుకున్నారు. బ్రౌన్ ఉన్న ఆ చోటే గ్రంథాలయం కట్టాలని, కాలికి బలపం కట్టుకుని తిరిగి చందాలు పోగు చేశారు. వావిలికొలను సుబ్బారావు గారు టెంకాయ చిప్ప పట్టుకుని తిరిగి ఒంటిమిట్ట గుడి బాగు చేయించిన జిల్లా మాది, అడగడం తప్పని ఎవరూ అనుకోరు. 1987లో శంకుస్థాపన జరిగింది. అప్పటికి నేను కాలేజీలో ఉన్నాను. నాయన తెల్ల చొక్కా వేసుకుని పోయి దూరంగా నిలబడి చూసొచ్చాడు. వాళ్ల ఫలకం ఎవరో చెక్కారు. "అక్షరం బాగుంది" అని మాత్రం చెప్పాడు.

మన రాయి కూడా ఇద్దాం నాయనా అన్నాను. "తప్పు రాయి ఇస్తామా" అన్నాడు. ఇంకేం మాట్లాడను?

గ్రంథాలయం తెరిచాక నాయన వారానికొకసారన్నా పోయేవాడు. చదవడానికంటే చూడ్డానికి. తాటాకు గ్రంథాలున్న అద్దాల ముందు నిలబడి, తాటాకు మీద గంటంతో రాసిన గీత ఎంత సన్నగా ఉందో నాకు ఫోన్లో చెప్పేవాడు. దొర 1884లో లండన్‌లో పోయాడని, కెన్సల్ గ్రీన్ శ్మశానంలో సమాధి ఉందని అక్కడే ఎవరో చెప్పారట. ఆ రాయి చెక్కినవాడు ఎట్లా చెక్కాడో చూడాలని ఉందన్నాడు. పాస్‌పోర్టు అంటే ఏంటో తెలియని మనిషి.

మోచంపేట మీదుగా పోయేటప్పుడు సైకిల్ నెమ్మది చేసేవాడు. కవి పుట్టపర్తి నారాయణాచార్యులు గారు ఆ వీధుల్లో ఉండేవారు. ఆయన రాసిన 'శివతాండవం' ప్రొద్దుటూరులో అగస్త్యేశ్వరస్వామి గుడిలో పుట్టిందని అయ్యవారు చెబితే, రేడియోలో అది వచ్చినప్పుడల్లా నాయన సుత్తి కింద పెట్టేవాడు. అర్థం అడిగితే తెలీదనేవాడు, దెబ్బ తెలుస్తుందనేవాడు. 1990లో ఆచార్యులు గారు పోయారని విన్న రోజు షెడ్డు తెరవలేదు. రారా అని అందరూ పిలిచే రాచమల్లు రామచంద్రారెడ్డి గారు కూడా కడపలోనే ఉండి 'సంవేదన' పత్రిక నడిపారు. ఒక ఊళ్లో ఇంతమంది కూర్చుని రాశారు. వాళ్లు అద్దెకున్న ఇళ్లు, మేడ మీద గదులు, ఒక్కొక్కటే పడగొట్టి అపార్ట్‌మెంట్లు అవుతుంటే నాయనకు కడుపు తరుక్కుపోయేది. నాకూ అంతే. గోడకు ఒక్క పలక, నాలుగు మాటలు, దానికి ఎంతవుతుంది?

*

బుగ్గవంక పొంగిన ఏడు షెడ్డులోకి నిలువెత్తు నీళ్లొచ్చాయి. ఊళ్లో చాలామందికి ఇళ్లే పోయాయి, మాకు పోయినవి పెద్ద నష్టం కాదని అప్పుడు అనుకున్నాం. నాయన నోటుపుస్తకాలు పోయాయి. అంతకాలం చెక్కిన ప్రతి రాయి మాటలూ వాటిలో రాసిపెట్టుకున్నాడు, ఎవరి పేరు, ఏ ఊరు, ఎన్ని అక్షరాలు. ఒత్తుల లెక్క కూడా పక్కన వేసుకునేవాడు, డబ్బు తీసుకోకపోయినా. ఎందుకు నాయనా అంటే, చేసిన పనికి లెక్క ఉండాలి కదా అనేవాడు. ఆ పుస్తకాలు బురదలో ముద్దలై దొరికాయి. వాటిని ఎండలో పెట్టి పేజీలు విడదీయడానికి నాయన ఎన్ని రోజులు కూర్చున్నాడో. ఆ తర్వాత ఉలి పెద్దగా పట్టలేదు. చెయ్యి వణుకుతోందన్నాడు. ఇంకో ఆరేళ్లు బతికాడు.

*

ఆదివారం పోయేసరికి తమ్ముడు ఇద్దరు మనుషుల్ని పెట్టి దొడ్డి శుభ్రం చేయిస్తున్నాడు. వేపచెట్టు అట్లాగే ఉంది. కొళాయి కింద బట్టలుతికే బండగా ఒక రాయి వేసి ఉంది, దాని మీద 'ప్రారంభోత' దాకా అక్షరాలు కనిపిస్తున్నాయి, మిగతా సగం సబ్బు పేరుకుని పచ్చగా పాచి పట్టింది. షెడ్డు అద్దెకున్నవాళ్లు వాడుకున్నారట. "ఇది నాయనకు డబ్బులియ్యని రాయి అక్కా, పగలగొట్టిచ్చేస్తా" అన్నాడు తమ్ముడు. వాడు అప్పుడు చిన్నవాడు, వెనకవైపు సంగతి గుర్తులేదు.

తిప్పమన్నాను. గునపం పెట్టి ఇద్దరూ లేపారు. కింద మట్టి, వానపాములు, వేర్లు. కొబ్బరి పీచుతో నేనే రుద్దాను. ముందు 'దొర' బయటపడింది. ఆ తర్వాత 'ఈ చోట'. మట్టిలో బోర్లా పడి ఉన్నందుకేమో, మొన్న చెక్కినట్టుంది అంచు. స కింద ఒత్తు దగ్గర ఆ పోయిన పెంకు చోటులో మట్టి గట్టిపడి ఉంది, పుల్లతో తీశాను. ఎంత చిన్నదో అది. నా చిటికెనవేలి గోరంత కూడా లేదు. దానికోసం నాయన ఇన్నేళ్లు ఈ రాయిని చెట్టువైపు తిప్పి పెట్టాడు.

తమ్ముడు మూడు వరుసలూ రెండుసార్లు చదివాడు. వాడు మాట్లాడలేకపోయాడు కాసేపు.

సాయంత్రం ఎర్రముక్కపల్లెకు పోయాం, ఉత్త చేతులతోనే, ముందు చూసి మాట్లాడి రావాలని. ఇప్పుడు అది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం. దొర విగ్రహం ముందు నిలబడి, సైకిల్ మీద వచ్చిన రోజు మొండిగోడలు ఎక్కడుండేవో పోల్చుకుందామని చూశాను, పోల్చుకోలేకపోయాను. ఆదివారం కావడంతో అడగాల్సినవాళ్లు లేరు. ఫోటో తీసిన కాగితం, ఒక ఉత్తరం తమ్ముడి దగ్గర పెట్టి వచ్చాను, వాడు పోయి అడుగుతాడు. పెడతారో లేదో. ప్రహరీ లోపల ఎక్కడో ఒక మూల చాలు. హైదరాబాదుకు తీసుకుపోదామా అని మొదట అనుకున్నాను గానీ తమ్ముడే అన్నాడు: "ఈ చోట అని రాసుండాది కదక్కా, యాడబడితే ఆడ పెట్టేదానికి లేదు."

రాయి ఇప్పుడు వాడి ఇంటి వరండాలో నిలబెట్టి ఉంది. అక్షరాల మీద కాలు పడకూడదని గోడకు ఆనించాం. బయల్దేరే ముందు తమ్ముడు బజారుకు పోయి చిన్న డబ్బా తెల్లరంగు, సున్నా నంబరు కుంచె తెచ్చాడు. పాత చీర కొంగు తడిపి పక్కన పెట్టుకుని కూర్చున్నాను. చెయ్యి మర్చిపోలేదు. గాడిలో కుంచె కొన పెట్టి లాగితే రంగు దానంతటదే అంచుదాకా పాకి ఆగుతుంది, నాయన అంత లోతు సమంగా తీసేవాడు. మూడో వరుసకు వచ్చేసరికి తమ్ముడు ఆ ఖాళీ చూపించి, నల్ల సిమెంటు కలిపి ఇది పూడ్చేద్దామా అక్కా, కనపడదు అన్నాడు.

వద్దన్నాను. పెంకు పోయిన చోటు వదిలేసి, ఒత్తుకు ఒక్కదానికే రంగు వేశాను.